పదిహేను అడుగుల గీత: మలివయసులో ఒక పందెం



బాస్కెట్‌బాల్ అనగానే మనకు ఆరడుగులు దాటిన కుర్రవాళ్ళు, వాళ్ళ పరుగులు, గంతులు గుర్తుకు వస్తాయి. మేడ మెట్లు ఎక్కాలంటేనే మోకాళ్ళను ఒకసారి తడిమి చూసుకునే వయసులో ఆ ఆటతో మనకేం పని అని మీరు అనుకుంటే అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఆటలో ఒక చిన్న భాగం ఉంది. అక్కడ పరుగు లేదు, గంతు లేదు, మీదపడే ప్రత్యర్థి లేడు. పది అడుగుల ఎత్తున ఒక ఇనుప రింగు, దాని వెనుక ఒక బోర్డు, ఆ బోర్డుకు పదిహేను అడుగుల ఇవతల నేలమీద ఒక గీత, చేతిలో బంతి. అంతే. దాన్ని ఫ్రీ త్రో అంటారు. ఎదుటి జట్టువాడు తప్పు చేసినప్పుడు, ఎవరూ అడ్డు రాకుండా, తీరిగ్గా నిలబడి బంతి వేసుకునే అవకాశం అది.

ఆ ఒక్క విసురును పట్టుకుని, డెబ్బై ఏళ్ళు దాటాక ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఒక పెద్దమనిషి చరిత్ర ఈనాటి మన ప్రసంగం. గాంధీనగర్‌లో ఉదయం నడకకు వెళ్ళివచ్చి, కాఫీ తాగి, ఇక ఈ పూట ఏం చేద్దామని ఆలోచించే పెద్దలకు ఆ చరిత్రలో పనికివచ్చే సంగతి ఒకటి ఉంది.

ముందు ఈ ఆట పుట్టుక చూద్దాం. 1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణం. అక్కడి వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ముప్పై ఏళ్ళ ఉపాధ్యాయుడు ఉండేవారు. ఆయన పుట్టింది కెనడాలో. బయట మంచు, లోపల చేసిన కసరత్తే చేసి విసుగెత్తిన విద్యార్థులు. వాళ్ళకు గది లోపలే ఆడుకునే కొత్త ఆట కావాలి. నైస్మిత్ పాఠశాల పనివాణ్ణి రెండు పెట్టెలు తెమ్మన్నారు. పెట్టెలు దొరకలేదు. ఆ మనిషి పీచ్ పళ్ళు మోసే రెండు బుట్టలు తెచ్చి ఇచ్చాడు. వ్యాయామశాల చుట్టూ ఉన్న వసారా కటకటాలకు ఆ బుట్టలను మేకులతో కొట్టారు. ఆ కటకటాల ఎత్తు పది అడుగులు. ఈనాటికీ ప్రపంచమంతటా రింగు ఎత్తు ఆ పది అడుగులే. అట్టడుగున వసారా కట్టిన వడ్రంగి ఎవరో గాని, ఒక అంతర్జాతీయ క్రీడకు కొలత ఇచ్చిపోయాడు.

నైస్మిత్ రాసిన మొదటి 13 నియమాలలో ఫ్రీ త్రో లేదు. ఒక జట్టు వరసగా మూడు తప్పులు చేస్తే ఎదుటి జట్టుకు ఒక గోలు ఇచ్చేవారు. కొద్ది సంవత్సరాలకే ఆ పద్ధతి పోయి, తప్పుకు బదులుగా ఒక విసురు అనే ఏర్పాటు వచ్చింది. తరువాత గీత పదిహేను అడుగుల దగ్గర స్థిరపడింది. 1920వ దశకం నడుమ దాకా జట్టులో ఈ విసురు బాగా వేసే మనిషిని ఒకరిని పెట్టుకుని, తప్పు ఎవరిమీద జరిగినా అతని చేతనే వేయించేవారు. అంటే ఆ రోజుల్లోనే ఇది ఒక ప్రత్యేక విద్య అన్నమాట.

ఈ ఆట మన ప్రాంతానికి ఎలా వచ్చిందంటే, మద్రాసు మీదుగా వచ్చింది. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా శిక్షణ సంస్థను ప్రారంభించారు. దేశంలో అటువంటి సంస్థలలో మొదటిది అదే. మన పెద్దలు డ్రిల్లు మాస్టారు అని పిలుచుకున్న ఉపాధ్యాయ వర్గానికి అది పుట్టిల్లు లాంటిది. అప్పట్లో బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. అందువల్ల మన గాంధీనగర్ పెద్దలలో డెబ్బై రెండో డెబ్బై మూడో దాటినవారు, ఇల్లు కదలకుండానే మద్రాసు రాష్ట్రంలో పుట్టి, మైసూరు రాష్ట్రంలో చదివి, కర్ణాటకలో పింఛను పుచ్చుకుంటున్నవారు. మనం కదలకపోయినా గీతలు కదులుతాయని సరిహద్దు వాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. ఈ ఆటలోని గీత మాత్రం నూరేళ్ళకు పైగా ఉన్నచోటే ఉంది.

ఇక రికార్డుల కథకు వద్దాం. ఫ్రీ త్రోలను తప్పకుండా వరసగా ఎన్ని వేయగలరన్న పందెం పాతదే. 1935లో షికాగోలో హెరాల్డ్ లెవిట్ అనే ఆయన వరసగా 499 వేశారు. బన్నీ అని ఆయన ముద్దు పేరు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. అంటే మన బజారులో కనిపించే సగటు మనిషి ఎత్తు. పొడవు మనుషుల ఆట అనుకున్నదానిలో, ఈ ఒక్క చోట పొడవుతో పని లేదని ఆయన చూపించారు. ఆ తరువాత టెడ్ సెయింట్ మార్టిన్ అనే ఆయన వచ్చారు. పాడి పశువులు పెంచిన రైతు. ఆయన 1977లో వరసగా 2,036 వేసి రికార్డు తన పేర రాసుకున్నారు. పదహారేళ్ళు దాన్ని ఎవరూ కదపలేదు.

దాన్ని కదిపిన మనిషే మన కథానాయకుడు, డాక్టర్ టామ్ ఆంబెరీ. 1922లో అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో పుట్టారు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. కాలేజీ రోజుల్లో మంచి ఆటగాడు. మినియాపోలిస్ లేకర్స్ అనే వృత్తి జట్టు ఆయనను రమ్మని పిలిచింది. ఆ రోజుల్లో ఆటగాడి సంపాదన ఇప్పటిలా ఉండేది కాదు. ఆయన ఆటను వదిలి పాదాల వైద్యం చదివారు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో దశాబ్దాల పాటు జనం కాళ్ళకు వైద్యం చేశారు. అన్నేళ్ళూ బంతి ఊసు ఆయన జీవితంలో పెద్దగా లేదు.

1990వ దశకం మొదట్లో ఆయన వృత్తి నుంచి విరమించారు. అప్పుడు వచ్చింది అందరికీ వచ్చే ప్రశ్నే. పొద్దు ఎలా గడపాలి? ఆయన వ్యాయామశాలకు వెళ్ళి గీత దగ్గర నిలబడ్డారు. రోజుకు 500 విసుర్లు. పండుగ అనీ పబ్బం అనీ చూడకుండా లెక్క పెట్టుకుంటూ వేశారు. యౌవనంలో వదిలేసిన ఆట మొత్తం తిరిగి రాదు. పరుగు రాదు, గంతు రాదు. రాగలిగిన ఆ ఒక్క ముక్కను ఆయన ఎంచుకున్నారు. నా ఉద్దేశంలో ఆయన తెలివి అంతా ఆ ఎంపికలోనే ఉంది.

1993 నవంబరు 15. డెబ్బై ఏళ్ళు దాటిన ఆంబెరీ, సాక్షుల ఎదుట, పన్నెండు గంటల పాటు నిలబడి వరసగా 2,750 ఫ్రీ త్రోలు వేశారు. ఒక్కటి కూడా తప్పలేదు. మరి ఎందుకు ఆపారంటారా? వ్యాయామశాల మూసే వేళ అయింది. అందుకని ఆపారు.

ఆ సంఖ్య ఎంతటిదో లెక్క కట్టి చూద్దాం. పన్నెండు గంటల్లో 2,750 అంటే సుమారు పదహారు క్షణాలకు ఒకటి. ఇందులో పెద్ద చిక్కు వేగం కాదు, వరస. పదికి తొమ్మిది వేయగల మంచి ఆటగాణ్ణి తీసుకోండి. అతను వరసగా పది వేసే అవకాశం నూటికి 35 మాత్రమే. వరసగా యాభై వేసే అవకాశం వెయ్యికి అయిదు. వెయ్యికి ఒక్కటి మాత్రమే తప్పే మనిషి, అంటే 999 వేసే మనిషి అయినా, వరసగా 2,750 వేసే అవకాశం నూటికి ఆరు దాకానే ఉంటుంది. దీన్నిబట్టి ఆంబెరీ చేయి ఎంత నిలకడ గలదో మీరే ఊహించుకోవచ్చు.

ఇంకో పోలిక చెబుతాను. అమెరికా వృత్తి పోటీలలో అంతా కలిపి చూస్తే ఆటగాళ్ళు వేసే ఫ్రీ త్రోలలో సుమారు నాలుగింట మూడు వంతులే పడతాయి. ఆ పోటీలలో మైకేల్ విలియమ్స్ అనే ఆటగాడు 1993 మార్చి నుంచి నవంబరు 9 దాకా వరసగా 97 వేసి రికార్డు పెట్టాడు. ఆ వరస తెగిన ఆరు రోజులకే ఆంబెరీ 2,750 వేశారు. అయితే న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. విలియమ్స్ విసుర్లు వేసింది వేల మంది అరుపుల మధ్య, పరుగెత్తి ఆయాసపడుతూ, గెలుపోటములు నెత్తిన పెట్టుకుని. ఆంబెరీ వేసింది ప్రశాంతమైన గదిలో. రెండూ ఒకటి కావు. ఆంబెరీ కూడా మొదటినుంచీ బంతి పట్టని మనిషి కాదు, కాలేజీలో పేరు తెచ్చుకున్నవాడు. ఇవన్నీ తీసివేసినా మిగిలేది తక్కువేమీ కాదు. విలియమ్స్‌ను అలసట, అరుపులు పరీక్షించాయి. ఆంబెరీని పరీక్షించింది ఆయన మనసే. పన్నెండు గంటల పాటు ఆ మనసు గీత దాటి పక్కకు పోలేదు.

దానికి ఆయన పెట్టుకున్న పద్ధతి చూడండి. పాదాలు రెండూ గీతకు ఎదురుగా సమంగా పెట్టాలి. బంతిని మూడుసార్లు నేలకు కొట్టాలి. ఆ కొట్టేటప్పుడు గాలి కొట్టే రంధ్రం పైకి ఉండేలా చూడాలి. బొటనవేలు బంతిమీది గాడిలో ఆనాలి. మోచేయి పక్కకు పోకుండా లోపలికి ఉంచాలి. మోకాళ్ళు కొద్దిగా వంచాలి. చూపు రింగు మీద నిలపాలి. బంతి వేశాక చేయి దాని వెంటే సాగాలి. ఇలా ఏడు మెట్లు. ఇందులో కండబలం అడిగే మెట్టు ఒక్కటీ లేదు. మన ఇళ్ళలో పూజకు కూర్చునే పెద్దలకు ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. ఆచమనం నుంచి హారతి దాకా ఒక వరస ఉంటుంది. ఆ వరస మనసును కట్టి ఉంచుతుంది. గాలి రంధ్రం ఎక్కడుందో చూసే మనిషికి, ఇది తప్పితే ఏమవుతుందోనని భయపడే తీరిక ఉండదు.

ఇంకా ఒక అడ్డంకి ఉంది. అది మోకాళ్ళలో ఉండదు. నలుగురూ ఏమనుకుంటారు అనే సంకోచం అది. దీనికి కూడా ఈ ఆట చరిత్రలోనే ఒక కథ ఉంది. విల్ట్ చాంబర్లెన్ అనే మహా ఆటగాడు 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు చేశాడు. వృత్తి పోటీలలో ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఫ్రీ త్రోలు అతనికి జీవితాంతం సరిగా పడలేదు. కాని ఆ రోజు 32కు 28 పడ్డాయి. కారణం, ఆ కాలంలో అతను బంతిని రెండు చేతులతో కిందినుంచి, మోకాళ్ళ మధ్య నుంచి పైకి విసిరేవాడు. బన్నీ లెవిట్ 499 వేసిందీ అలాగే. ఆ విసురుకు అమెరికాలో అమ్మమ్మ విసురు అని వెక్కిరింపు పేరు. చాంబర్లెన్ కొంతకాలానికి దాన్ని మానేశాడు. ఆడంగితనంగా కనిపిస్తుందని సిగ్గుపడ్డానని తరువాత తానే రాసుకున్నాడు. మానేశాక మళ్ళీ విసుర్లు తప్పడం మొదలైంది. రిక్ బారీ అనే మరో ఆటగాడు ఆ వెక్కిరింపును లెక్కచేయలేదు. 1980లో ఆట విరమించేదాకా కిందినుంచే విసిరాడు. పదికి తొమ్మిది చొప్పున వేశాడు.

ఏడడుగుల వీరుణ్ణి కూడా నలుగురి నవ్వు ఓడించగలిగిందంటే, మనలాంటివాళ్ళం జంకడంలో ఆశ్చర్యం లేదు. అరవై దాటినవాడు బంతి పట్టుకుంటే, ఈ వయసులో ఇదేమిటి తాతా అనే మాట వినిపిస్తుంది. ఆడవారికైతే మరీను. చీర కట్టుకున్న అమ్మమ్మ బంతి విసిరితే వీధి వీధంతా చూస్తుంది. కాని అమెరికాలో అయోవా రాష్ట్రంలో 2005లో యాభై దాటిన స్త్రీలు జట్లు కట్టి పాతకాలపు నియమాలతో బాస్కెట్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు. ఆ పోటీలకు పేరే అమ్మమ్మల బాస్కెట్‌బాల్. వెక్కిరింపుగా పుట్టిన పేరును వాళ్ళు తమ జెండాగా చేసుకున్నారు.

మలివయసు ఆటకు మన తెలుగువారిలో ఉదాహరణ లేకపోలేదు. కఠారి కనకయ్య నాయుడు, మనమంతా సి.కె. నాయుడు అని పిలుచుకునే మహానుభావుడు, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టారు. 1932లో భారత టెస్టు క్రికెట్ జట్టుకు మొదటి నాయకుడు. యాభై దాటాక రంజీ పోటీలలో డబుల్ సెంచరీ చేశారు. అరవై దాటాక కూడా రంజీలో ఆడారు. చివరిసారి ఒక ధర్మార్థ పోటీలో బరిలోకి దిగినప్పుడు ఆయన వయసు 68. ఆయనకు ఆటే వృత్తి, ఆంబెరీకి అది వదిలేసి మళ్ళీ అందుకున్న ముచ్చట. ఇద్దరిదీ ఒకే గుణం. వయసు ఎంతో ముందుగా అడగలేదు, ఇవాళ ఏమి చేయగలమో అడిగారు.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయాలి. దానితోపాటు వారానికి మూడు రోజులైనా ఒంటి తూకాన్ని, బలాన్ని నిలిపే వ్యాయామం ఉండాలి. నడక మొదటి పని చేస్తుంది. రెండోదానిని మనం సాధారణంగా మరచిపోతాం. పెద్దలు పడిపోవడం, ఎముక విరగడం ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది. గీత దగ్గర నిలబడి, మోకాళ్ళు కొద్దిగా వంచి, చేతులు పైకి చాపి, చూపు ఒకచోట నిలిపే ఈ విసురు ఆ లోటును కొంత తీరుస్తుంది.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరును ఒక్కమాట అడగండి. గుండె జబ్బు, కీళ్ళ జబ్బు, తల తిరిగే జబ్బు ఉన్నవారు తప్పకుండా అడగాలి. దగ్గరలోని పాఠశాల ఆవరణలో రింగు ఉంటే, హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని, బడి వేళకు ముందే వెళ్ళండి. మన బళ్ళారి ఎండల సంగతి మీకు తెలుసు. పొద్దెక్కితే ఆట కాదు, శిక్ష. చెప్పులు వద్దు, జారని కాన్వాసు బూట్లు వేసుకోండి. మగవారు ఆడే బంతి ఆరు వందల గ్రాముల దాకా తూగుతుంది. ఆడవారి బంతి కాస్త చిన్నది, తేలిక. బరువనిపిస్తే మగవారు కూడా దాన్నే తీసుకోవచ్చు. మొదటి రోజే పదిహేను అడుగుల గీత దగ్గరకు పోనక్కరలేదు. ఆరేడు అడుగుల దగ్గర మొదలుపెట్టి నెలకు ఒక అడుగు వెనక్కి జరగండి. భుజం ఎత్తలేనివారికి అమ్మమ్మ విసురు ఎలాగూ ఉంది. వంగి బంతి ఏరుకోవడమే కష్టమైతే మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళు బంతి అందిస్తారు, మీరు వేస్తారు. రింగు అడ్డం పద్దెనిమిది అంగుళాలు. బంతి అడ్డం తొమ్మిదిన్నరకు కాస్త తక్కువ. కిందినుంచి చూస్తే చిన్నదిగా కనిపించే ఆ రింగులో నిజానికి రెండు బంతులు పక్కపక్కన దాదాపు పడతాయని వాళ్ళకు చెప్పండి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, వేసినవి ఎన్ని, పడినవి ఎన్ని, వరసగా ఎన్ని. ఈ నాలుగే రాయండి. పక్కవాడి లెక్కతో పోల్చవద్దు. మీరు నిన్నటి మీతో పందెం కాస్తున్నారు. వరసగా మూడు వేసిన మనిషికి నాలుగోది ఎంత పెద్ద సంగతో బయటివారికి అర్థం కాదు. అర్థం కావాలని కూడా లేదు.

ఆంబెరీ రికార్డు ఏమయిందో కూడా చెప్పాలి. అది రెండున్నరేళ్ళు కూడా నిలవలేదు. 1996 ఏప్రిల్‌లో, పాత రికార్డు పోగొట్టుకున్న ఆ రైతు టెడ్ సెయింట్ మార్టిన్ మళ్ళీ గీత దగ్గరకు వచ్చారు. అప్పటికి ఆయన వయసూ అరవై దరిదాపుల్లో ఉంది. వరసగా 5,221 వేసి, తన సొత్తు తాను తిరిగి తీసుకున్నారు. అదే 1996లో ఆంబెరీ తన ఏడు మెట్ల పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. తన రికార్డు ఎవరో తీసుకున్నారని ఆయన బంతి కింద పెట్టలేదు. కుర్రవాళ్ళకు మెలకువలు నేర్పుతూ ఇంకా ఇరవై ఏళ్ళు బతికి, 2017లో 94వ ఏట కన్నుమూశారు.

రికార్డు ఒకరి దగ్గరనుంచి మరొకరి దగ్గరకు పోతూ ఉంటుంది. ఉద్యోగం పోతుంది, హోదా పోతుంది, సంతకానికి ఉన్న విలువ పదవితోపాటే పోతుంది. పింఛను కాగితం చేతికి వచ్చిన మరుసటి రోజు, ఇక నన్ను అడిగేవారు ఎవరున్నారని కుంగిపోయినవారు మన పేటల్లోనే ఎందరో. వారికి ఎవరూ ఇవ్వనక్కరలేనిది, ఎవరూ తీసుకోలేనిది ఒక చిన్న పని కావాలి. అది బంతే కానక్కరలేదు. వీణ కావచ్చు, కుంచె కావచ్చు, కోటగుట్ట మెట్లు కావచ్చు. రోజూ చేసేది, లెక్కకు అందేది, నిన్నటికంటే ఇవాళ వెంట్రుకవాసి మెరుగుపడేది అయితే చాలు.

రేపు ఉదయం నడకకు వెళ్ళినప్పుడు దారిలో ఎక్కడైనా రింగు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. నవ్వేవారు నవ్వనీయండి. ఒక్క బంతి వేసి చూడండి. పడకపోతే రెండోది ఉంది.